ఊపిరి తీసే గది

పొద్దున్నే కాఫీ చుక్క గొంతులో పడకముందే చిన్నకోడలు మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడుక్కుంటుంది. వెనక చీకటిగదిలో పుట్టగొడుగుల సంచులు వరసగా వేలాడుతుంటాయి. ఉడికించి ఆరబెట్టిన గడ్డి ఒక పొర, విత్తనం ఒక పొర వేసి ఆమె కూరి కట్టినవే అన్నీ. రోజుకు రెండుసార్లు నీళ్ళు చిలకరించాలి.

చేను మూడేళ్ళు వరసగా ఎండాక, చిన్నరైతులకు వేరే దారి చూపించే ఆఫీసరమ్మ ఈ పని తెచ్చింది. శిక్షణకు వెళ్ళింది మాత్రం మొగుడు. వెనక బెంచీలో నిద్రపోయి, ఇచ్చిన కాగితాలు తెచ్చి పెళ్ళాం ఒళ్ళో పడేశాడు.

మొదటి కాపు నుంచే గది ఊపిరి తీస్తోంది. ఆమె పీలిస్తే పీలుస్తుంది, వదిలితే వదులుతుంది. ఆమెకు జలుబు చేస్తే దగ్గుతుంది.

"నీ గదికి ఆయాసంగా ఉన్నట్టుందమ్మాయ్, కాసిని వేడినీళ్ళు తాగు," అంటుంది అత్త, కూరగాయలు తరుగుతూ.

ఆవేళ ఆఫీసరమ్మ పెద్ద షెడ్డు మంజూరు కాగితంతో వచ్చింది. ఎవరి పేరు రాస్తే షెడ్డు వాళ్ళది. చిన్నకోడలు కాగితంలో పేరు రాసే చోటు వైపు చూసింది. ఆమె పెంచిన మేకలు ఇలాగే మొగుడి పేరెక్కి, మాటైనా చెప్పకుండా బావగారి దొడ్డికి నడిచాయి.

"పెంపకందారు ఎవరు?"

"నేనేనండి," అన్నాడు మొగుడు, ఉతికిన చొక్కా సర్దుకుంటూ. "ఇది సాయం చేస్తుంది."

సాయమట. మోసేవాళ్ళది సాయం, మీసం మెలేసేవాళ్ళది సేద్యం.

ఆఫీసరమ్మ వాదించలేదు. అన్ని ఊళ్ళలో చేసినట్టే, పెంపకందారుణ్ణి ఒంటరిగా గదిలోకి పంపి, తలుపు దగ్గరికి వేసి, చెక్కకు చెవి ఆనించింది.

గది ఊపిరి బిగబట్టింది. నీటిచుక్క రాలిన చప్పుడు కూడా లేదు. గుమ్మం పక్కన చిన్నకోడలు మామూలుగానే గాలి పీలుస్తోంది. గది ఆమెతో కలవకపోవడం అదే మొదటిసారి. కాసేపటికి లోపలినుంచి గోళ్ళతో గీకుతున్న చప్పుడు వచ్చింది. గడియ పెట్టలేదు, అయినా తలుపు రావడంలేదు.

"నువ్వు తియ్యమ్మా," అంది ఆఫీసరమ్మ.

చిన్నకోడలికి మేకలు గుర్తొచ్చాయి. రవ్వంత ఆగి, తీసింది.

మొగుడు నీలం తిరిగిన పెదవులతో నేలమీద పడున్నాడు. ఆమె లోపలికి అడుగుపెట్టి మెల్లగా ఊపిరి వదిలింది. గది వదిలింది. మొగుడూ వదిలాడు.

ఆఫీసరమ్మ ఆమె పేరు రాసి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించింది.

ఇప్పుడు పెద్ద షెడ్డు నిండా సంచులే. ఆమె బరువెత్తి రొప్పితే, ఎక్కడో గట్టుమీదున్న మొగుడు కూడా రొప్పుతాడు. రోజూ పొద్దున్నే సబ్బు పట్టుకుని ఆమె కోసం కాచుకుని ఉంటాడు.

"ఒంట్లో బాగుందా?" అని అడుగుతాడు. పెళ్ళైన పద్నాలుగేళ్ళలో ఎన్నడూ అడగని మాట.