చెవి పొర వెనక నీరు

ఆటో వెనక్కి వస్తోంది. నాలుగేళ్ల వర్ష దానికి వీపు పెట్టి వీధిలో ఆడుకుంటోంది. డ్రైవరు హారన్ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. పిల్ల తల తిప్పలేదు. మగ్గం గుంటలో కూర్చున్న స్రవంతి ఎట్లా లేచిందో, ఎట్లా ఉరికిందో ఆమెకే తెలియదు. కూతుర్ని పక్కకు లాగేసరికి చక్రం జానెడు దూరంలో ఉంది.

పిలిస్తే పలకకపోవడం మొండితనం అనుకుని మొన్ననే రెండు దెబ్బలు వేసింది. పిల్లకు వినబడడమే లేదని ఇప్పుడు తెలిసి, ఆ వీపును నిమిరింది.

అత్త సుగుణ నూనె వేడిచేసి తెచ్చింది. "జర చెవుల పోస్తే తగ్గుతదే."

"వద్దత్తా. ఏందో తెల్వకుండ ఏం పోయొద్దు. రేపు వనపర్తి పోతం."

వనపర్తి దవాఖానలో డాక్టరమ్మ చెవులు పరీక్షించింది. "చెవి పొర వెనక నీరు నిలిచిందమ్మా. జలుబు చేసిన పిల్లలకు వస్తుంటుంది. చాలామందికి దానంతటదే పోతుంది. మూడు నెలలు చూద్దాం."

ఆ మూడు నెలలు స్రవంతికి మగ్గం మీద ధ్యాస నిలవలేదు. వర్షకు వచ్చిన మాటలు కూడా ముద్దముద్దగా అయిపోతున్నాయి. పిల్ల మూగదైపోతుందేమోనని భయం. ఆ మాట భర్త విజయ్‌తో కూడా అనలేకపోయింది.

గడువు దాటినా నీరు పోలేదు. వినికిడి ఇంకా తగ్గింది.

"రెండు చెవుల్లోనూ పొరకు చిన్న రంధ్రం చేసి నీరు తీస్తాం. లోపలికి గాలి ఆడేలా బియ్యపు గింజకన్నా చిన్న గొట్టం పెడతాం. మత్తు ఇచ్చి చేయాలి" అంది డాక్టరమ్మ.

"మత్తిస్తే మల్ల లేస్తదా?"

డాక్టరమ్మ నవ్వలేదు. "లేస్తుంది. పక్కనే మత్తు డాక్టరు కనిపెట్టుకుని ఉంటారు."

ఆపరేషన్ రోజు నర్సు భుజం మీదనుంచి వర్ష చేతులు చాపింది. తలుపు మూసుకుంది. ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టిన చేతిని స్రవంతి చీరకొంగులో దాచుకుంది. అరగంట దాటింది.

"ఇంకెందుకు తోలుకరాలే?" అంది.

"వస్తరు, కూసో" అన్నాడు విజయ్. అతనూ కూర్చోలేదు.

బయటికి తెచ్చినప్పుడు పిల్ల కదలడం లేదు. స్రవంతి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. వెచ్చగా ఊపిరి తగిలింది. కాసేపటికి వర్ష కళ్లు తెరిచి ఏడ్చింది.

"వర్షా, అమ్మనే బిడ్డా, ఈడనే ఉన్న" అంది స్రవంతి గట్టిగా.

వర్ష రెండు చెవులూ మూసుకుంది. "మెల్లగ మాట్లాడమ్మా. ఎందుకు ఒర్లుతున్నవ్?"

స్రవంతికి ఏడుపు ఆగలేదు. అయినా డాక్టరమ్మ రాగానే మొదట అడిగింది ఒక్కటే. "మల్ల నీరొస్తదా?"

"కొందరికి వస్తుంది. గొట్టం కొన్ని నెలలకు దానంతటదే ఊడిపోతుంది. అప్పటిదాకా చూపిస్తూ ఉండండి."

స్రవంతి తలూపింది. పిల్లను ఒళ్లోంచి దించలేదు.