దిగిన ముల్లు

నా భార్య పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పటినుంచి ఆమె తమ్ముడు నా గడప తొక్కలేదు. నేనే వద్దన్నాను.

వాడు ఆక్సిజన్ నింపే ప్లాంటులో పనిచేస్తాడు. అక్కకు ఊపిరాడటం లేదంటే సిలిండర్ నింపాడు. నేను పక్కనే ఉన్నాను. మీటరు ముల్లు నూట యాభై చూపింది. సిలిండర్ ముట్టుకుంటే వేడి. తెల్లారి వాడు తెచ్చి మా గదిలో పెట్టాక చూస్తే నూట ముప్పై నాలుగు. అప్పటికి ఇంకా వాడనేలేదు. దారిలో ఎవరికో కొంత అమ్ముకున్నాడనుకున్నాను. రెండో రోజుకు సిలిండరూ అయిపోయింది, ఆమె కూడా అయిపోయింది. శవం ముందే, నలుగురూ వినేలా దొంగా అన్నాను. ఏదో చెప్పబోతే చెంప పగలగొట్టాను.

మా అమ్మాయి సైన్సు టీచరు. మొన్న ఎండలో తిరిగొచ్చిన స్కూటర్ టైరులో గాలి కొలిచింది. ముప్పై ఆరు. బండిని షెడ్డులో పెట్టింది.

"షెడ్డుకు తాళం నువ్వే వెయ్యి నాన్నా."

వేశాను. తాళంచెవి నా జేబులోనే ఉంది. పొద్దున కొలిస్తే ముప్పై మూడు.

"ఎవరు దొంగిలించారు?" అంది.

"ఇది గాలి. అది ఆక్సిజన్. దాని బరువు వేరు."

"బరువేదైనా, వేడి ఒకటే అయితే అణువుల సగటు శక్తీ ఒకటే. తేలికవి పరిగెడతాయి, బరువైనవి నింపాదిగా పోతాయి. హైడ్రోజన్ ఆక్సిజన్ కంటే నాలుగు రెట్లు వేగం. చల్లబడితే రెండూ మందగిస్తాయి. గోడను కొట్టే దెబ్బ తగ్గుతుంది, ముల్లు దిగుతుంది. లోపలిది మాత్రం ఎక్కడికీ పోదు."

వడ్రంగిని, అయిదో తరగతి చదివాను. అయినా అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండేది.

ప్లాంటుకు వెళ్ళాను. వాడు సిలిండర్లు దొర్లిస్తున్నాడు. జుట్టు నెరిసింది.

"ఏం బావా, దారి తప్పావా?"

"చల్లబడితే ముల్లు దిగుతుందట."

"ఆ రోజు నేను చెప్పబోయింది అదే."

"తప్పు నాది. ఇంటికి రా."

"దొంగ అన్నది నలుగురిలో. తప్పు అంటున్నది నా ఒక్కడి చెవిలో. బాగుంది బావా. ఇక వెళ్ళు, నా కడుపు మండుతోంది, ఇక్కడ నిప్పు ఉండకూడదు."

వాణ్ణి తప్పుపట్టను. నేనైనా క్షమించేవాణ్ణి కాదు.

ఆ రోజు శవం దగ్గరున్న వాళ్ళలో అయిదుగురు మిగిలారు. ముందు పక్కింటి ముసలావిడ తలుపు తట్టాను.

"మా బావమరిది దొంగ కాదు" అన్నాను.

"ఎవరన్నారు నాయనా దొంగని?"

ఆవిడకు గుర్తే లేదు. గడప మీద కూర్చుని మొదటినుంచీ చెప్పాను.