గుడ్డు లేని కేకు

వకుళ ముగ్గు తొక్కకుండా నడవాలని చూస్తోంది కానీ ఎక్కడ అడుగేసినా ముగ్గే, ఈ వరండాకి చివరే లేదు, రైల్వే క్వార్టర్స్‌లో తను పుట్టి పెరిగిన వరండానే ఇది, అదే ఎర్ర గచ్చు, అవే పచ్చరంగు కటకటాలు, కానీ పెరటి గోడ ఉండాల్సిన చోట పట్టాలున్నాయి, పట్టాల మీద మంచు కమ్ముకుని ఉంది, ఆ మంచులోంచి జనం పళ్లేలు పట్టుకుని వస్తున్నారు. కాలనీలో అందరి చలికాలం పండగలూ ఇవాళే వచ్చిపడ్డట్టున్నాయి. పై పోర్షన్ బెంగాలీ వాళ్లు కొత్త బెల్లం పాయసం తెస్తున్నారు, పంజాబీ గార్డుగారి భార్య మంటలో వెయ్యడానికి పల్లీలూ పేలాలూ ఒళ్లో పోసుకుని వస్తోంది, ఎవరి పళ్లెం ఎవరి చేతికి పోతోందో తెలీట్లేదు గానీ అందరూ అందుకుంటున్నారు, అందరూ నములుతున్నారు. వకుళ చేతుల్లో మాత్రం ఏమీ లేదు. తను వచ్చింది ఒక మాట చెప్పడానికి.

రాహేలు ఆంటీ కాయితం నక్షత్రం కింద బల్ల మీద కూర్చుని పిండి కలుపుతోంది. పక్క క్వార్టర్ రాహేలు ఆంటీ, కిందటేడు క్రిస్మస్‌కి నెల ముందే ఆస్పత్రిలో పోయింది. పోయిందని వకుళకి తెలుసు, తెలిసినా ఆశ్చర్యంగా లేదు, ట్రాన్స్‌ఫర్ అయిపోయినవాళ్లు ఏదో పని మీద ఒకసారి వచ్చినట్టు ఉంది అంతే.

"ఏమే, కూర్చో. నించుంటే పొంగదు ఇది," అంటుంది ఆంటీ.

బల్ల ఇప్పుడు చర్చిలో బల్లలా పొడుగ్గా ఉంది. వకుళ ఓ చివర కూర్చుంటుంది, ఇద్దరి మధ్యా ఓ పదిమంది పట్టేంత ఖాళీ. ఆంటీ కలుపుతున్న గిన్నె ఏదో చూడగానే పోల్చుకుంటుంది. ఆ గిన్నె వాళ్లింటి కోసమే కొన్నది.

మొదటి ఏడాది ఆంటీ మామూలు కేకే పంపింది, అప్పుడు వకుళ రెండో తరగతి. మేం గుడ్డు తినం కదండీ అంది అమ్మ నవ్వుతూ. అయ్యో నా మతిమండా అని నొచ్చుకున్న ఆంటీ మరుసటి ఏడాదికి కొత్త స్టీలు గిన్నె కొంది, గుడ్డు సొన ఎప్పుడూ తగలని గిన్నె, అందులో పెరుగేసి, సోడా ఉప్పేసి, కుక్కర్లో ఇసుక పోసి కాల్చి పంపింది. ఈసారి అమ్మ, ఇది ధనుర్మాసం కదండీ, నెలంతా మడి, నెల పోయాక తింటాం అంది. క్రిస్మస్ ఏ ఏడాదైనా ధనుర్మాసంలోనే పడుతుంది, అది ఎవరూ ఏం చెయ్యలేరు. కానీ ఆంటీ ఆ మాటని మాటగానే తీసుకుంది. మూడో ఏడు క్రిస్మస్‌కి ఒకటి పంపి, నెల పోయిన మర్నాడే పొద్దున్న ఇంకొకటి వేడివేడిగా పట్టుకొచ్చింది, ఇప్పుడు తినొచ్చుగా అంటూ. అమ్మ దగ్గర సాకులైపోయాయి. అప్పట్నుంచి సాకులు చెప్పడం మానేసి రెండు చేతులా పుచ్చుకోవడం మొదలుపెట్టింది, పుచ్చుకున్నది పుచ్చుకున్నట్టే పనిమనిషి సువార్తమ్మ బుట్టలోకి పోయేది. ఖాళీ పళ్లెం వెనక్కివ్వకూడదు కాబట్టి గుప్పెడు పంచదార పోసి వకుళ చేతికిచ్చి, బాగుందని చెప్పు అనేది. వకుళ చెప్పేది. చాలా బాగుంది ఆంటీ. ప్రతి ఏడూ. మరి వీళ్లింట్లోంచి వెళ్లిన కట్టెపొంగలి ఆంటీ ఎప్పుడూ మిగల్చలేదు, మిరియపు గింజతో సహా.

ఆంటీ తలెత్తకుండా అడుగుతుంది. "కేకు బాగుందా?"

"చాలా బా..." అని అలవాటుగా వచ్చేస్తుంది, వచ్చిన మాట గాల్లో ఆగి, పొడిపొడిగా రాలి ముగ్గులో కలిసిపోతుంది. నక్షత్రం లోపలి బల్బు ఓసారి ఆరి వెలుగుతుంది. ఇది ఆస్పత్రి వరండాలా ఉంది ఇప్పుడు, గోడలన్నీ తెల్లగా, ఎవరో దూరంగా క్యారల్స్ పాడుతున్నారు గానీ మాటలు తెలియట్లేదు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని వకుళకి ఎందుకో గట్టిగా అనిపిస్తుంది.

"నేను ఒక్కసారి కూడా తినలేదు ఆంటీ. మా ఇంట్లో ఎవరూ తినలేదు."

గరిటె ఆగదు. "తెలుసు లేవే."

ఎలా తెలుసో ఆంటీ తీరిగ్గా చెప్తుంది, వేరేవాళ్ల సంగతి చెప్తున్నట్టు. వకుళ ఏడో తరగతిలో ఉండగా, పండగ మర్నాడు, సువార్తమ్మ ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటే ఆంటీ కూడా వెళ్లింది. ప్రార్థన అయ్యాక అందరికీ టీ పోసి, పెద్దమనిషి వచ్చిందని ఆంటీకి మాత్రం పళ్లెంలో కేకు ముక్కలు పెట్టింది సువార్తమ్మ. అయ్యగారింట్లో ఇచ్చారమ్మా అని సంబరంగా చెప్పింది కూడా.

"నా కేకు నాకు తెలీదా? మర్యాదగా తిన్నాను. అప్పుడే తెలిసింది అదెంత పొడిగా ఉంటుందో, టీలో ముంచితే గానీ గొంతు దిగలేదు. మీవాళ్లు తినకపోవడమే మంచిదయింది."

వకుళకి నవ్వు రాబోయి ఆగిపోతుంది. ఏడో తరగతి నుంచి ఆంటీ పోయేదాకా వేళ్ల మీద లెక్కపెట్టుకుంటుంటే వేళ్లు చాలట్లేదు. తెలిసి కూడా అన్నేళ్లు ఎందుకు పంపారని అడుగుతుంది, అడుగుతుంటే తన గొంతు రెండో తరగతి పిల్ల గొంతులా వినిపిస్తుంది తనకే.

ఆంటీ గరిటె గిన్నె అంచుకి కొట్టి పక్కన పెడుతుంది.

"మానేస్తే, ఈ ఏడు కేకు రాలేదేం రాహేలూ అని మీ అమ్మ అడుగుతుందా అడగదా అని చూస్తూ కూర్చోవాలి. అడగకపోతే? దానికంటే పిండి కలుపుకోవడమే తేలిక."

అమ్మ మీరు పోయినప్పుడు చాలా ఏడ్చింది ఆంటీ, అంటుంది వకుళ, ఎందుకంటోందో తనకే తెలీదు, అమ్మ తరఫున ఏదో ఒకటి అప్పజెప్పాలన్నట్టు. ఏడ్చింది, చూశాను, అంటుంది ఆంటీ. ఇంటికెళ్లి తలస్నానం కూడా చేసుంటుంది, అంటుంది. అది సొంతవాళ్లకైనా చేస్తార్లే, అని తనే సర్దేస్తుంది.

"నేను చిన్నపిల్లని ఆంటీ, చెప్పమన్నది చెప్పాను."

"మొదటిసారికి చిన్నదానివే. మరి ఆస్పత్రిలో?"

ఆస్పత్రిలో ఆంటీ చెయ్యి పట్టుకుని కూర్చుంది వకుళ. ఈ ఏడు కేకులో జీడిపప్పు ఎక్కువెయ్యనా కిస్మిస్ ఎక్కువెయ్యనా అని అడిగింది ఆంటీ, సన్నగా, ఆయాసపడుతూ. కిస్మిస్ ఆంటీ, కిందటిసారి తక్కువయ్యాయి, అంది వకుళ. అంత ముద్దుగా అంది.

"పోతున్నదాని ముఖం మీద కూడా తొణక్కుండా చెప్పిందే పిల్ల, ఎంత ఒద్దిగ్గా పెంచింది తల్లి, అనుకున్నాను," అంటుంది ఆంటీ. కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండును.

బల్ల ఎప్పుడు కురచైపోయిందో, ఆంటీ పక్కనే ఉంది, మోకాలికి మోకాలు తగులుతోంది. కుక్కర్ మూత తీస్తుంది, కాలిన ఇసుక వాసన, కిస్మిస్ వాసన. చాకు లేదు, చేత్తోనే తుంచి వకుళ అరచేతిలో పెడుతుంది. వేడిగా ఉంది, నిజంగా వేడిగా.

"ఇప్పుడు తిను."

పట్టాల మీద జనం నమలడం ఆపి ఇటే చూస్తున్నారు. తినేస్తే అయిపోతుంది, వకుళకి తెలుసు, ఒక్క ముక్క, ఆంటీ చూస్తుండగా, అంతే, ఇన్నేళ్లదీ తేలిపోతుంది. చెయ్యెత్తుతుంది. నోటిదాకా వచ్చింది. అప్పుడు, తను అనుకోకుండానే, ఎవరూ చెప్పకుండానే, ఒక్కసారి తల తిప్పి వెనక్కి చూస్తుంది, అమ్మ ఎక్కడైనా ఉందేమోనని.

మళ్లీ ఇటు తిరిగేసరికి బల్ల మీద ఎవరూ లేరు.

మెలకువ వచ్చేసరికి ఆదివారం మధ్యాహ్నం నాలుగవుతోంది, సోఫాలో వంకరగా పడుకున్నందుకు మెడ పట్టేసింది, కుడిచెయ్యి తిమ్మిరెక్కి తనది కానట్టుంది. డైనింగ్ టేబుల్ దగ్గర అమ్మ కూర్చుని ఉంది. పొద్దున్నే తడిబట్టలతో పొంగలి వండి ధనుర్మాసం పూజ చేసుకున్నప్పటి నుదుటి బొట్టు ఇంకా చెదరలేదు. ముందు ఒక అట్టపెట్టె తెరిచి ఉంది, ఎర్ర రిబ్బను, మూత మీద ఆకుపచ్చ చుక్క.

"లేచావా. అన్నయ్య ఆఫీసులో ఇచ్చార్ట. గుడ్డు లేదులే, తిను," అంది అమ్మ, నములుతూనే.

అమ్మ కింది పెదవి మీద నల్లటి కేకు పలుకు ఒకటి అంటుకుని ఉంది. వకుళ చూస్తుండగానే అమ్మ నాలుకతో దాన్ని కూడా లోపలికి తీసుకుంది.