రాగి కానీ చప్పుడు

ఆ ఆదివారం పొద్దున్న ఎర్రయ్య గుండిగ మూత నాలుగోసారి తీశాడు. పనసాకు బుట్టల్లో పొంగుతున్న ఇడ్లీపిండి గాలి తగిలి కుంగింది. అడుగున నీళ్లున్నాయో లేవో బుట్టల సందుల్లోంచి కనబడలేదు. మూత పెట్టేశాడు. గుమ్మందాకా వెళ్లాడు, మళ్లీ వచ్చాడు.

పొట్టిక్కలకు మాటిమాటికీ మూత తీయకూడదని అతనికి తెలియక కాదు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో కాపురం పెట్టినప్పటినుంచీ తింటున్నవాడే. ఎదురింటి బెంగాలీ దీదీ పెరట్లో కోసుకొచ్చిన ఆకుల్ని నాలుగేసి కలిపి, చీపురుపుల్లలు గుచ్చి, భార్య దాలమ్మ పదహారు బుట్టలు కట్టింది. గుండిగలో నీళ్లు పోసి, చెల్లని పాత రాగి కానీ ఒకటి అందులో వేసి, పైన గడ్డి పరిచి బుట్టలు పేర్చింది. నీళ్లు మరుగుతున్నంతసేపూ కానీ టకటకలాడుతుంది. నీళ్లు ఇంకితే ఊరుకుంటుంది.

"కుళాయి వచ్చేసింది. బిందెలు పట్టుకొస్తాను. కానీ సప్పుడు ఆగితే నీళ్లు పొయ్యి. ఊరికే మూత తియ్యకు," అని చెప్పి వెళ్లింది.

"నాకు తెల్దేటి," అన్నాడతను.

అతనికి తెలియనిదల్లా ఆ చప్పుడే. రైలింజన్ల బాయిలర్ షాపులో పద్దెనిమిదేళ్లు ఇనపరేకులు బిగించే రివెట్లు కొట్టిన చెవులవి. ముందు పిచ్చుకలు పోయాయి, తరువాత గడియారం, ఆ తరువాత వెనకనుంచి పిలిచే మనుషులు. ఎదుట నిలబడితే పెదవులు చూసి జవాబు చెబుతాడు. ఈ సంగతి తోటి పనివాడు నూకరాజుకు తప్ప ఇంకెవరికీ తెలియదని అతని నమ్మకం. రేపు వైద్యపరీక్ష. డాక్టరు వెనక నిలబడి గుసగుసగా అంకెలు చెబితే తిరిగి చెప్పాలి. తప్పితే సుత్తి చేజారి, ఏ మూలనో ఫైళ్లు మోసే పని. కిటికీ అవతల నిలబడి వేళ్లు చూపిస్తానని నూకరాజు మాటిచ్చాడు.

ఎర్రయ్య వంగి గుండిగకు చెవి ఆనించాడు. తమ్మె చురుక్కుమంది తప్ప ఏమీ వినబడలేదు. కాసేపటికి ముక్కు చెప్పింది: ఆకు మాడుతోంది.

దాలమ్మ బిందె దించి, గుండిగ దించి, నల్లబడిన కానీని పటకారుతో పైకి తీసింది.

"ఎప్పుడు ఆగినాది?"

"ఇప్పుడే."

ఆమె అతని ఎదుటికి వచ్చి నిలబడింది. "ఈ రెండేళ్లలో నీ ఎనకాల నిలబడి నేనొక్క మాటైనా మాటాడినానా?"

ఎర్రయ్య ఆలోచించాడు. అన్నానికి పిలవాలన్నా ఆమె చుట్టూ తిరిగి ముందుకు వచ్చేది. వయసు మీదపడ్డాక మొగుడంటే గౌరవం పెరిగిందనుకున్నాడు.

"తెలిసీ నాకెందుకు అప్పగించినావు?"

"నూకరాజు పెళ్లాం నిన్న అంతా సెప్పినాది. రేపు అతను కిటికీలోంచి ఏళ్లు సూపిస్తాడు, నువ్వు పాసైపోతావు. సరే. రివెట్టు బిగిసినాదో వదులుగుందో సుత్తి సప్పుడే కదా సెప్పాలని నువ్వే అనీవోడివి. అక్కడ ఎవరు సూపిస్తారు ఏళ్లు?"

"ఏలు ఆనించి సూస్తన్నాను. అదురు తెలుస్తాది."

"అన్నీటికీనా?"

గురువారం బాగుందని చెప్పి పంపిన బాయిలరు ఎర్రయ్య కళ్లముందు నిలిచింది. అడుగు వరసలో చెయ్యి దూరని చోట ఏడెనిమిది రివెట్లు. కొట్టాడు, విన్నట్టు తల ఊపాడు, సుద్దతో గుర్తు పెట్టాడు.

పై వరస బుట్టలు నాలుగు దక్కాయి. దాలమ్మ పుల్లలు తీసి, అల్లప్పచ్చడితో పళ్లెంలో పెట్టింది. అతను ఒకటి విరిచాడు. నడుమ పచ్చిగా ఉంది. నోట పెట్టకుండానే లేచి, చొక్కా తొడుక్కుని గుమ్మం దిగాడు.

"నూకరాజు ఇంటికేనా?"

అతను నడుస్తూనే ఉన్నాడు. ఆమె గబగబా వెళ్లి ముందు నిలబడి మళ్లీ అడిగింది.

"ఊఁ. కిటికీ కాడికి రావద్దని సెప్పొస్తాను," అన్నాడు. "అటునుంచటే ఫోర్‌మన్ ఇంటికి. గురువారం నాటి బాయిలరు మళ్లీ కొట్టి సూడాల. సెవులున్నోడెవడైనా."