అక్క ఏడాదికి పది నెలలు

ఆసుపత్రిలో ఎవరి శిక్షణ గడువు ఎప్పుడు తీరుతుందో కంప్యూటర్ చేత చెప్పించే ఉద్యోగం తమ్ముడిది. అక్కడే నర్సు ఉద్యోగం అక్కది. ఆగిన గుండెను మళ్లీ కొట్టించే పాఠం నర్సులందరూ ఏటా చదివి, పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. గడువుకు రెండు నెలల ముందే పాఠం తెరుచుకుంటుంది. పాసైన రోజు నుంచి కొత్త ఏడాది లెక్క. ఈ నియమం పెట్టింది తమ్ముడే. పెట్టిన రోజున తన తెలివికి తానే మురిసిపోయాడు కూడా.

అక్క మాత్రం పాఠం తెరుచుకున్న రోజే పూర్తి చేసేసేది. పాపం, పాత సర్టిఫికెట్‌లో మిగిలిన రెండు నెలలూ గాలికి పోయేవి. లోకానికంతా ఏడాదంటే పన్నెండు నెలలైతే అక్కకు పదే! ఇంకో నర్సు ఉంది. ఏ పని చెప్పినా "రేపు చూద్దాంలే" అంటుంది కనక అందరూ రేపమ్మ అంటారు. గడువు దాటి ఎర్ర అక్షరాల్లో హెచ్చరికలు వచ్చినా ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేది.

ఇంతలో హెడ్ నర్సు పదవి ఖాళీ అయింది. అక్కకు మోకాళ్లు అరిగిపోయాయి. ఆ కుర్చీ దక్కితే రాత్రి డ్యూటీలు తప్పుతాయి. పోటీలో మిగిలింది అక్కా, రేపమ్మా. సూపరింటెండెంటు ఇద్దరి శిక్షణ వివరాలు పంపమన్నాడు. తమ్ముడు ఊరుకోవచ్చుగా! అక్క శ్రద్ధ పైవాళ్లకు తెలియాలని, ఎవరు ఎన్నిసార్లు ఆ పాఠం చదివారో ఒక గడి అదనంగా చేర్చి మరీ పంపాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

మర్నాడు ఆర్డరు రేపమ్మ పేర వచ్చింది. తమ్ముడు సూపరింటెండెంటు గదికి పరుగెత్తాడు.

"మీ అక్కకు ఇన్నిసార్లు నేర్పాల్సి వచ్చిందేంటయ్యా?" అన్నాడాయన. "ఆవిడకైతే తక్కువ సార్లకే వంటబట్టింది."

"అది మా అక్క తప్పు కాదు సార్. కంప్యూటర్లో నియమమే అలా ఉంది."

"ఎవరు పెట్టారు?"

"నేనే సార్."

"అయితే ముందు నీకు ఇప్పించాలి శిక్షణ. సంతకం అయిపోయింది, వెళ్లు."

సాయంత్రం అక్క ఇంటికి వెళ్లాడు. ఆమె మోకాలి మీద వేణ్నీళ్ల సంచి పెట్టుకుని కూర్చుంది. గుమ్మంలోనే అంతా కక్కేశాడు. ఆమె వేణ్నీళ్ల సంచిని రెండో మోకాలి మీదికి మార్చుకుంది. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

"అందరూ ఆఖర్న చేస్తారని నాకు తెలీదనుకున్నావురా?" అంది. "పాఠం ముందే తెరుచుకునే నియమం నువ్వు పెట్టిందే కదా. ఎవరూ తెరవకపోతే నీ పైవాళ్లు నిన్నంటారని మొదటి రోజే చేసేదాన్ని."

తమ్ముడికి ఏడుపు తన్నుకొచ్చింది. అంతలో అక్క ఫోను మోగింది. ఈసారి పాఠం తెరుచుకుందట! ఆమె అలవాటుగా కళ్లజోడు కోసం చెయ్యి చాచింది.

"వద్దక్కా, నీకు దండం పెడతాను." ఫోను లాక్కున్నాడు. "ఆఖరి రోజు దాకా ఆగు."

"ఇటివ్వరా" అంది అక్క. "మా కొత్త హెడ్ నర్సుది గడువు దాటిపోయి కూర్చుంది. నేను కూడా రేపు చూద్దాంలే అంటే, ఆగిన గుండె దగ్గరికి ఎవరెళ్తారు?"