తోడికోడళ్ళ పందిరి

ఆ వీధిలో కుట్టుమిషన్ మొరాయిస్తే అందరూ మోసుకెళ్ళేది ఒకే దుకాణానికి. దుకాణం ముందు ఎండకీ వానకీ అడ్డంగా ముదురు నీలం కాన్వాసు పందిరి ఉంటుంది. పందిరి ముందంచు మీద తెల్లగుడ్డ కత్తిరించి కుట్టిన పెద్ద పెద్ద అక్షరాలు: అన్నదమ్ముల కుట్టుమిషన్ల రిపేరు. లోపలికి వెళ్ళి చూస్తే అన్నా ఉండడు, తమ్ముడూ ఉండడు. చేతులకి నూనె పూసుకుని ఇద్దరు ఆడవాళ్ళుంటారు. ఒకామె అన్న భార్య, ఇంకొకామె తమ్ముడి భార్య. వీధికంతా ఆమె పెద్దామె, ఈమె చిన్నామె.

తోడికోడళ్ళన్నాక జుట్టూ జుట్టూ పట్టుకుంటారని లోకం కాచుకుని కూర్చుంటుంది. వీళ్ళు ఆ సరదా ఎవరికీ తీర్చలేదు. ఆ పని అన్నదమ్ములే చేశారు. మోటారు మిషన్లు రిపేరుకి తీసుకోవాలా వద్దా అన్న దగ్గర మొదలై, మాటా మాటా పెరిగి, ఎప్పుడో పోయిన తండ్రిని కూడా మధ్యలోకి లాగి, ఒకేరోజు ఇద్దరూ స్క్రూడ్రైవర్లు బల్ల మీద పారేసి బయటికి నడిచారు. అవతలివాడే వచ్చి బతిమాలతాడని ఎవరి నమ్మకం వాళ్ళది. ఎవరూ రాలేదు. పెద్దాయన బస్సు డిపోలో చేరాడు. చిన్నాయన లిఫ్టులు బాగుచేసే కంపెనీలో కుదురుకున్నాడు. కాపురాలు మాత్రం దుకాణం మీదనే, ఎదురెదురు గుమ్మాల్లో. మెట్ల మీద తారసపడితే ఒకాయన గోడ చూస్తాడు, ఇంకొకాయన బల్బు చూస్తాడు. ఏళ్ళు గడిచినా ఇద్దరిలో ఒక్కరికీ మెడ తిరగలేదు.

ఆ రోజుల్లో రిపేరుకిచ్చిన మిషన్లు బల్లల మీద విప్పినవి విప్పినట్టే ఉండిపోయాయి. జనం వచ్చి అడుగుతుంటే సిగ్గేసి, వాళ్ళవి వాళ్ళకి అప్పగించి తలుపేసేద్దామని ఆడవాళ్ళిద్దరూ కిందికి దిగారు. ఒక్కరోజు పనే అనుకున్నారు. అప్పగించాలంటే ముందు బిగించాలి కదా. మొగుళ్ళ పక్కన నిలబడి టార్చిలైటు పట్టుకున్న చేతులే, మరలు తుడిచి అందించిన చేతులే. బిగించారు. తిరిగింది. ఆ తర్వాత తలుపు వేయాల్సిన అవసరం కనిపించలేదు. అన్నదమ్ములు వద్దా కావాలా అని కొట్టుకున్న మోటారు మిషన్లు కూడా వీళ్ళు తీసుకున్నారు, ఎవరినీ అడక్కుండా.

పని వీళ్ళది, పేరు వాళ్ళది. మిషను పువ్వులా తిరుగుతుంటే "అన్నదమ్ముల చెయ్యి పడితే ఇక అంతేనమ్మా, మీవారికి చెప్పు" అని వెళ్ళేవాళ్ళు గిరాకీలు. చిన్నామె నోట్లో నాలుక లేని మనిషి, నవ్వి ఊరుకునేది. పెద్దామెకి ఒళ్ళు మండేది. అయినా పళ్ళ బిగువున నెట్టుకొచ్చింది.

ఓర్పు ఒక హోటలు సూపర్వైజరు దగ్గర తెగిపోయింది. హోటల్లో దుప్పట్లూ కర్టెన్లూ కుట్టే పెద్ద మోటారు మిషను తెచ్చి బల్ల మీద పెట్టించాడు. తలెత్తి పందిరి చూశాడు, దించి వీళ్ళని చూశాడు. అన్నదమ్ములు ఎప్పుడొస్తారని అడిగాడు. పని చేసేది మేమేనండీ అంది పెద్దామె. పర్వాలేదు, వాళ్ళు వచ్చేదాకా కూర్చుంటానని కుర్చీ లాక్కున్నాడు. అతని కళ్ళెదుటే వీళ్ళు ఒక మిషనుకి షటిల్ మార్చారు, ఇంకొకదానికి గుడ్డను ముందుకి నెట్టే పళ్ళు అరిగిపోతే కొత్తవి వేశారు, ఇద్దరు గిరాకీలని సంతోషంగా సాగనంపారు. అతను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక లేచి, యజమానులు ఉన్నప్పుడు మళ్ళీ వస్తానని చెప్పి మిషను మోయించుకుపోయాడు.

"ఇక ఆ మాట అక్కడ ఉండడానికి వీల్లేదు. 'అన్నదమ్ముల' తీసేసి 'తోడికోడళ్ళ' అని కుట్టాలి. మిగతాదంతా అలాగే ఉండనీ," అంది పెద్దామె.

"జనం నవ్వుతారేమో అక్కా."

"నవ్వనీ. నవ్వుతూ అయినా చదువుతారు కదా."

ఒక్క మాట మార్చడానికి ఒకరిని అడగాలా అనుకునేదే పెద్దామె, కానీ ఆ వీధికి కొత్త రూలు వచ్చి కొంతకాలమైంది. కనుక్కుందామని ప్లానింగ్ ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి గుమాస్తాకి విడవని జలుబు, మంచి మనసు. వీధి పాతకాలపు అందం చెడిపోకూడదని పందిళ్ళ మీదా గోడల మీదా పేర్లు నిషేధించారనీ, తలుపు మీద డోరు నంబరు తప్ప ఏమీ ఉండకూడదనీ, రూలుకి ముందునుంచీ ఉన్న పేర్లని మాత్రం వదిలేశారనీ చెప్పాడు. ముక్కు తుడుచుకుని, మీది అదృష్టమమ్మా అన్నాడు. ఆ పాత అక్షరాలు ఎన్నాళ్ళయినా ఉంచుకోవచ్చు. చిరిగితే అలాగే కుట్టుకోవచ్చు. కానీ ఒక్క అక్షరం మారిస్తే అది కొత్త బోర్డు కింద లెక్క, కొత్తదానికి చోటు లేదు. తీసేస్తే మళ్ళీ పాతది కూడా పెట్టుకోనివ్వరు.

ఇంకో దారే లేదా అని ఆమె అక్కడే నిలబడింది. కదిలే మనిషి కాదని అర్థమై, కమిటీని మినహాయింపు అడగొచ్చని చెప్పాడు. అడిగింది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఫలానా రోజు వచ్చి చెప్పుకోవచ్చని ఆఫీసువాళ్ళు దుకాణం తలుపుకి నోటీసు అంటించారు. ఆ సాయంత్రం పెద్దాయన డిపో నుంచి వచ్చి నోటీసు ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆయన మెట్లెక్కాక చిన్నాయన వచ్చి నిలబడ్డాడు. భోజనాల దగ్గర ఏ ఇంట్లోనూ ఆ ఊసు రాలేదు.

చిన్నామెకి మాత్రం భయం పట్టుకుంది. ఉన్నది కూడా ఊడిపోతుందేమో, ఊరుకుందాం అక్కా అని పనిలో ఉన్నంతసేపూ పోరింది. పెద్దామె చెవిన వేసుకోలేదు.

కమిటీ కూర్చునే గది పొడుగ్గా, చల్లగా ఉంది. బల్ల వెనక అయిదారుగురు సభ్యులు, మధ్యలో తెల్లజుట్టు అధ్యక్షురాలు. మైకు మాట్లాడినప్పుడల్లా కీచుమంటోంది. వీళ్ళకంటే ముందు మందుల షాపాయన లేచాడు. తన బోర్డుకి కరెంటు స్తంభం అడ్డమొస్తోందనీ, రోగులకి షాపు కనపడటం లేదనీ, బోర్డు పక్కకి జరుపుకోనివ్వమనీ అడిగాడు. ఫోటో చూశారు, తలలూపారు, ఇచ్చేశారు. అతను తెచ్చుకున్న కాగితాలు సర్దుకునేలోపే పని అయిపోయింది. అది చూసి పెద్దామెకి ధైర్యం వచ్చింది.

తన వంతు రాగానే లేచి నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పింది. దుకాణం నడిపేది తామిద్దరమేననీ, బోర్డు మీద ఉన్నవాళ్ళు అక్కడ అడుగుపెట్టి ఏళ్ళయిందనీ, కొలత పెరగదనీ, రంగు మారదనీ, ఒక్క మాట మార్చుకుంటామనీ చెప్పింది. హోటలు సూపర్వైజరు సంగతి కూడా చెప్పింది. అభ్యంతరం ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా అని అధ్యక్షురాలు అడిగింది.

గది ఆ చివర పెద్దాయన లేచాడు. ఈ చివర చిన్నాయన లేచాడు.

పని మానుకుని మరీ వచ్చారు, ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని. ఒకరు వచ్చినట్టు ఇంకొకరికి అప్పటిదాకా తెలియదు. పెద్దాయన మైకు పట్టుకుని, అది మా అన్నదమ్ముల పేరు, మా నాన్న ఉండగా పెట్టుకున్న పేరు, తీయడానికి వీల్లేదన్నాడు. చిన్నాయన కూడా అచ్చం అదే మాట అన్నాడు. ఆయన మీ అన్నగారా అని అధ్యక్షురాలు చిన్నాయనని అడిగింది. ఆయన్నే అడగండి అన్నాడు చిన్నాయన. గదిలో జనం నవ్వు ఆపుకోలేకపోయారు.

పెద్దామెకి నవ్వు రాలేదు. దుకాణం పాడుబడిపోతుంటే రాని మనుషులు, ఆ దుకాణానికి తమ పేరు ఉంచుకోవడానికి వచ్చారు.

అధ్యక్షురాలు చెడ్డ మనిషి కాదు. మెల్లగా చెప్పింది, మినహాయింపు ఇవ్వాలంటే స్థలానికి ఏదో ఇబ్బంది ఉండాలమ్మా అని. వీధి ఇరుకైనా, మూల మలుపైనా, ఏదైనా అడ్డం ఉన్నా ఇవ్వొచ్చు. మీ బోర్డుకి అడ్డమేముందో చెప్పమంది.

"ఉందండీ. ఇందాక మందుల షాపాయనకి ఒక స్తంభమే అడ్డం. మాకు రెండు. ఆ చివరొకటి, ఈ చివరొకటి నిలబడి ఉన్నాయి చూడండి," అంది పెద్దామె.

ఈసారి సభ్యులు కూడా నవ్వారు. పెద్దాయన ముఖం మాడిపోయింది. చిన్నామె తల దించుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నవ్వినంత మాత్రాన ఇస్తారా. ఇవ్వలేదు. సభ్యులు కాసేపు గుసగుసలాడుకున్నారు, ఆ తర్వాత అధ్యక్షురాలు కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది. మనుషుల వల్ల వచ్చిన ఇబ్బందికి మినహాయింపు ఇచ్చే అధికారం తమకి లేదు. పాత పేరు ఎన్నాళ్ళయినా ఉంచుకోవచ్చు. ఆ మాట చాలా దయగా అంది. ఆ దయే పెద్దామెకి పుండు మీద కారంలా తగిలింది.

ఆఫీసు మెట్ల దగ్గర పెద్దాయన ఆమె పక్కకి చేరాడు. గెలిచిన మనిషికి ఉండే పెద్దరికం వచ్చేసింది ఆయనకి. చిన్నాయన నాలుగడుగుల దూరంలో, ఎటో చూస్తున్నట్టు నిలబడి వింటున్నాడు.

"పోనీలే, ఇప్పుడేం కొంప మునిగింది?" అన్నాడు పెద్దాయన. "పని మీరు చేసుకుంటూనే ఉన్నారు కదా. పేరు ఉంటే ఉంది. ఎప్పుడైనా మేం తిరిగి రావాలనుకుంటే..."

"వస్తే రండి. బల్ల కింద స్టూళ్ళు ఖాళీగానే ఉన్నాయి. మోటారు మిషన్ల పని మీ ఇద్దరికీ రాదు కాబట్టి మొదట్నుంచీ నేర్పుతాం."

ఆమె ఆగలేదు. చిన్నామె చెయ్యి పట్టుకుని బస్సెక్కింది. దారి పొడుగునా పెద్దామెకి ఇదే ఆలోచన. ఉన్నది ఉన్నట్టు ఉంచుకుంటే రేపటినుంచి మళ్ళీ అన్నదమ్ములకి చెప్పండమ్మా అనే మాటలు వినాలి, ఈసారి ఆఫీసువాళ్ళ ముద్రతో వినాలి. తీసేస్తే వీధిలో తమకున్న ఒక్క పేరూ పోతుంది, పిల్లల కాలానికైనా తిరిగి రాదు. చిన్నామె ముందే చెప్పింది, ఊరుకుందామని. ఆ మాట ఇప్పుడంటే పడాల్సిందే అనుకుంది.

చిన్నామె ఆ మాట అనలేదు. దుకాణం తాళం తీసింది, లోపలి నుంచి ఎత్తు బల్ల బయటికి ఈడ్చింది. కుట్లు విప్పే చిన్న కత్తి పళ్ళ మధ్య పెట్టుకుని బల్లెక్కింది.

"దిగు," అంది పెద్దామె. "ఆ గుమాస్తా ఏమన్నాడో చెప్పాను కదా. తీస్తే మళ్ళీ రాదు."

చిన్నామె కత్తి చేతిలోకి తీసుకుంది. "కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఈ అక్షరాలు కుట్టింది నేనే అక్కా. వేలికి ఎన్నిసార్లు సూది గుచ్చుకుందో నాకు తెలుసు. వాళ్ళు ఇవాళ లేచి నిలబడి మాది మాది అంటుంటే, ఒక్కడైనా ఈ కుట్టు ఎవరిదో చెప్పాడా?"

పెద్దామెకి ఆ సంగతి అంతవరకూ తట్టనే లేదు. ఇన్నేళ్ళూ ఆ అక్షరాల కింద నుంచే వచ్చీ పోయీ, వాటిని కుట్టినది ఎవరని ఆమె కూడా అనుకోలేదు. కళ్ళు చెమర్చాయి. రెండో బల్ల తెచ్చుకుని, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ఆ చివర నుంచి మొదలుపెట్టింది.

కుట్టు గట్టిది. వానలకీ ఎండలకీ వదలని దారం. ఒక్కో అక్షరం తెగి కిందపడుతుంటే వీధిలో జనం ఆగారు. మందుల షాపాయన బయటికొచ్చి, ఏంటమ్మా దుకాణం ఎత్తేస్తున్నారా అని కంగారుగా అడిగాడు. లేదండీ, దులుపుతున్నాం అంది పెద్దామె. "అన్నదమ్ముల" ఒక్కటే తీసి ఆగిపోయి ఉంటే, సగం బోర్డు నేరమని జలుబు గుమాస్తా పరిగెత్తుకుని వచ్చేవాడేమో. అందుకని మొత్తం తీసేశారు. అక్షరాల కింద దాక్కున్న కాన్వాసు కొత్తదానిలా నీలంగా ఉంది. పొద్దువాలే వేళకి పందిరి మీద ఒక్క ముక్క లేదు.

పెద్దాయన వచ్చి పందిరి కింద నిలబడ్డాడు. కాసేపటికి చిన్నాయన వచ్చి పక్కనే నిలబడ్డాడు. చూడడానికి గోడా బల్బూ లేకపోవడంతో ఇద్దరూ పైకే చూశారు.

"ఎంత పని చేశావే," అన్నాడు పెద్దాయన. గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువగా ఉంది. "పేరు లేని దుకాణమైపోయింది. ఇక ఏమని వెతుక్కుంటారు జనం?"

"మీ పేరు చూసుకుని, పని ఎవరిదని మమ్మల్ని అడగడం మానేశారు వాళ్ళు. ఇప్పుడిక లోపలికొచ్చి అడగాల్సిందే," అంది పెద్దామె.

పెద్దాయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు. చిన్నాయన కిందపడ్డ అక్షరాల్లో ఒకటి వంగి తీయబోతే, అక్కడ పెట్టమన్నట్టు చిన్నామె కళ్ళతోనే చెప్పింది. పెట్టేశాడు.

తెల్లారి దుకాణం తీసి ఇంకా చీపురు పడలేదు, ఒకావిడ కాలి మిషను తలకాయ చేతులకెత్తుకుని వచ్చి గుమ్మంలో ఆగింది. పందిరి వైపు చూసింది. తలుపు మీద నంబరు చూసింది. బరువుకి చేతులు లాగుతున్నా లోపలికి రావాలో వద్దో తేల్చుకోలేకపోయింది.

"ఇది ఎవరి దుకాణమమ్మా?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలని ఏళ్ళ తరబడి కాచుకున్నది పెద్దామె. గొంతు సవరించుకుని నోరు తెరిచేలోపే, ఎప్పుడూ నోరెత్తని చెల్లెలు ఎదురెళ్ళి ఆవిడ చేతుల్లోంచి మిషను అందుకుంది.

"మాది," అంది.