పుట్టింటి దారి ఎరిగిన గుర్రం

వృషదత్తుడు కర్కటికను ఇరవై రెండేళ్ళు ఏలాడు. కట్టించింది ఒక కోటగుమ్మం, తవ్వించింది రెండు బావులు. మంచివాడే. కానీ అశ్వమేధం చెయ్యని రాజును, పోయాక ఎవడు తలుస్తాడని ఆయనకు దిగులు పట్టుకుంది.

యాగానికి ఒళ్ళంతా తెలుపు, ముందు భాగం నలుపు ఉన్న గుర్రం కావాలన్నారు. నేను చూసుకునే రాజుగారి లాయంలో అలాంటిది ఒక్కటే. మూడేళ్ళ కిందట వేత్రవతి ఏటి ఆవలి ఒడ్డును ఏలే జయకేతుడి లాయం నుంచి నేనే తోలుకొచ్చాను. ఇప్పటికీ గాలి అటునుంచి వీస్తే మేత మానేసి చెవులు నిక్కిస్తుంది.

"దొరా, ఇది వద్దు. వదిలామంటే తిన్నగా పుట్టింటికే పోతుంది," అన్నాను.

పురోహితుడు పగలబడి నవ్వాడు. "గుర్రానికి పుట్టిల్లేంట్రా? సారె పెట్టి పంపాలా?"

రాజు నవ్వలేదు. "అందరికీ కబురు పోయింది, పుష్యా. ఇప్పుడు మానేస్తే గుర్రాన్ని కూడా వదల్లేనివాడంటారు."

వదిలిన గుర్రాన్ని ఏడాదిపాటు ఎవరూ మళ్ళించకూడదు. అది ఎటుపోతే కాపలా దండు అటే పోవాలి. దాన్ని ఎవడు కట్టేస్తే వాడితో పోరాడాలి. ఆ దండులో మా తమ్ముడు రోహిణుడు ఉన్నాడు.

"ఎటు పోతుందన్నా ఇది?" అని అడిగాడు బయల్దేరేటప్పుడు.

"ఏట్లోకి."

"మంచిదేలే. నేను స్నానం చేసి వారమైంది."

జూలు కత్తిరించే కత్తి నా చేతిలోనే ఉంది. చెవికి ఒక్క గాటు పడితే చాలు, గుర్రం యాగానికి పనికిరాదు. చెవి పట్టుకున్నాను. అది నా భుజం మీద తల ఆనించింది. చెయ్యి రాలేదు.

మూడో రోజున గుర్రం వేత్రవతి ఈది, జయకేతుడి లాయంలో తన పాత చోటుకే పోయి నిలబడింది. వాళ్ళు కట్టేశారు. వెనకాలే ఏరు దాటిన నూరుమందిలో తిరిగొచ్చింది పదకొండుమంది. రోహిణుడు రాలేదు. వారం తిరక్కుండా జయకేతుడి ఏనుగులు మా కోటగుమ్మాన్ని పడగొట్టాయి. వృషదత్తుడు తను కట్టించిన ఆ రాళ్ళ కిందే పోయాడు.

ఇప్పుడు నా కొలువు ఈ ఒడ్డున. గెలిచినవాడికీ గుర్రాల మనిషి కావాలిగా. నిన్న ఇక్కడి పురోహితులొచ్చి ఆ గుర్రం లక్షణాలు చూసి మురిసిపోయారు. జయకేతుడికీ యాగం కావాలట. కాపలా దండుకు మనుషుల్ని ఏరుతున్నారు.

ఈ పొద్దున చెవి కోశాను. అది తల ఆనించేదాకా ఆగలేదు.